ఉమామహేశ్వర సన్నిధిలో అరణ్యాధికారం: అచ్చంపేట చెంచుసీమ చరిత్ర

శ్రీశైల మహాక్షేత్రానికి నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలున్నాయని మన సంప్రదాయం చెబుతుంది. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పశ్చిమాన అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. ఈ ఉత్తరద్వారం నేటి నాగర్‌కర్నూలు జిల్లాలో, అచ్చంపేటకు చేరువలోని రంగాపురం దగ్గర, నల్లమల కొండ అంచున వెలసింది. పైన వాలిన మహాశిల, దాని నీడలో ఆలయం, ఆ పక్కనే రాతి నెరియల నుండి స్రవించే పాపనాశన తీర్థం. మెట్ల కింద మెట్టభూములు ఎండి బీటలు వారిన రోజులలో కూడా పైన ఆ తీర్థధార ఆగదని భక్తులు ఆశ్చర్యంతో చెప్పుకుంటారు.

ఆ ధారకు మూలం కొండమీది అడవి. నల్లమల పీఠభూమిపై కురిసిన వాన రాలిన ఆకుల పొరలో ఇంకి, వేళ్ల వెంట మట్టిలోకి దిగి, రాతి పగుళ్ల గుండా నెమ్మదిగా ప్రయాణించి, శివలింగం చెంత తీర్థమై వెలువడుతుంది. చెట్టు లేని కొండపై పడిన వాన ఒక్కపూటలో జారి వాగు పాలవుతుంది. కనుక తీర్థాన్ని సేవించేవాడు, తెలిసినా తెలియకున్నా, అరణ్యాన్నే సేవిస్తున్నాడు. అరణ్యాన్ని కాచినవారికి ఋణపడుతున్నాడు.

ఆ కాచినవారు ఎవరు? వారు దేనిని ఎలా కాచారు? మధ్యలో ఆ కాపు ఎందుకు సడలింది? దానిని మళ్లీ నిలబెట్టడానికి ఏ ప్రయత్నాలు జరిగాయి? ‘స్థానిక సమాజాల సామర్థ్య నిర్మాణం’, ‘సుస్థిరాభివృద్ధి’, ‘ప్రకృతి సంరక్షణ’ అనే మాటలు నేడు ప్రభుత్వ పత్రాలలో తరచు కనిపిస్తాయి. ఆ మాటల అర్థాన్ని అచ్చంపేట అడవి చరిత్రలో వెదకడమే ఈ వ్యాసం చేసే పని.

అధికారి లక్షణం

వాడుకలో ‘అధికారం’ అంటే పెత్తనం. శాస్త్రంలో ఆ పదానికి అర్థం వేరు. ఒక కర్మను చేయడానికి ఎవరు అర్హుడో అతడే అధికారి. మీమాంసకులు ఆ అర్హతను నాలుగు అంశాలుగా విభజించారు. ఆ కర్మఫలాన్ని నిజంగా కోరడం అర్థిత్వం. దానిని నిర్వహించగల శక్తి, సాధనసంపత్తి ఉండడం సామర్థ్యం. దాని విధానం తెలిసి ఉండడం విద్వత్త. నిషేధం చేత తొలగింపబడకుండా ఉండడం అపర్యుదస్తత్వం. ఈ నాలుగూ కలిసినప్పుడే అధికారం పూర్ణమవుతుంది. ఏ ఒక్కటి లోపించినా కర్మ ఫలించదు.

యజ్ఞానికి చెప్పిన ఈ లక్షణాన్ని అరణ్యరక్షణకు అన్వయించి చూస్తే నల్లమల చరిత్ర కొత్త వెలుగులో కనబడుతుంది. అడవి నిలవాలని కోరినవారు ఒకరు, అడవి తెలిసినవారు ఒకరు, సాధనాలు చేతిలో ఉన్నవారు మరొకరు, నిషేధాజ్ఞలు రాసినవారు ఇంకొకరు అయినప్పుడు ఏమి జరుగుతుందో గత ఎనిమిది దశాబ్దాల కథ చెబుతుంది.

పెంటల పేర్లలో దాగిన విద్య

చెంచుల నివాసాన్ని ‘పెంట’ అంటారు. కొన్ని గుడిసెలు, ఒక చెలమ, చుట్టూ అడవి. 1950లో భారత ప్రభుత్వం షెడ్యూల్డు ప్రాంతాలను ప్రకటించినప్పుడు నాటి అచ్చంపేట తాలూకాలోని ఈ పెంటలు కూడా ఆ జాబితాలో చేరాయి. పరిపాలనా పత్రం అనుకొని ఆ జాబితాను పక్కన పెట్టకుండా ఒక్కొక్క పేరునూ ఉచ్చరిస్తూ చదివితే అడవి కళ్లముందు నిలుస్తుంది. తపసిపెంటలో తపసి చెట్టు ఉంది. మేడిమల్కలలో మేడి ఉంది. తాటిగుండాలలో తాటిచెట్టూ నీటిగుండమూ రెండూ ఉన్నాయి. పులిచెలమ అనే పేరు పులి ఎక్కడ దాహం తీర్చుకుంటుందో చెబుతుంది. సంగిడిగుండాలు, రసూల్‌చెరువు, బావిపెంట వంటి పేర్లు నీటి జాడలను తరతరాలకు అందిస్తున్నాయి.

ఏ చెట్టు ఎక్కడ ఉంది, ఏ నీరు ఎండలో నిలుస్తుంది, ఏ మృగం ఏ దారిన తిరుగుతుంది అన్న జ్ఞానాన్ని పటాలు లేని కాలంలో పేర్లుగా మార్చి కంఠస్థం చేసిన సమాజమిది. వేదాన్ని శ్రుతిగా కాపాడుకున్న దేశంలో అరణ్యాన్ని కూడా శ్రుతిగా కాపాడినవారు ఉండడం ఆశ్చర్యం కాదు. మీమాంసకుడు చెప్పిన విద్వత్త ఇదే.

ఈ విద్వత్తతో పాటు కట్టుబాట్లు కూడా ఉండేవి. ప్రతి పెంట సమూహానికీ తాను వేటాడే, దుంపలు తవ్వే, తేనె తీసే పరిధి ఒకటి ఉండేది. పొరుగు పరిధిలోకి వెళ్లాలంటే బంధుత్వమో అనుమతో కావాలి. అందరిదీ అయిన వస్తువు ఎవరిదీ కాకుండా పోయే ప్రమాదాన్ని ఆ కట్టుబాటు నివారించింది. కొండచరియలకు వేలాడే పట్టుతేనెను తీసే పద్ధతిలో కూడా ఒక నియమం వినిపిస్తుంది. తాడు పట్టుకొని లోయలోకి దిగేవాడు బావ. పైన ఆ తాడును పట్టుకొనేవాడు బావమరిది. తన తోబుట్టువు మాంగల్యం తన పిడికిలిలోనే ఉందని ఎరిగినవాడు పట్టు సడలనివ్వడు. నమ్మకాన్ని బంధుత్వంతో ముడివేసి ప్రాణరక్షణ వ్యవస్థను నిర్మించిన ఆ బుద్ధి సామాన్యమైనది కాదు.

గరెలమైసమ్మ ఆన

1940లో ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ అమ్రాబాద్ పీఠభూమిపై చెంచుల మధ్య నివసించి వారి జీవితాన్ని పరిశీలించాడు. ఆ పరిశీలన 1943లో గ్రంథంగా వెలువడింది. అందులో ఆయన నమోదు చేసిన ఒక విశ్వాసం సాధకులకు ప్రత్యేకంగా ఆలోచింపదగినది.

చెంచులు కొలిచే గరెలమైసమ్మ అడవి తల్లి. మృగాలు, ఫలాలు ఆమె సంపద. వేటకు పోయేవాడు ఆమెను తలచుకొని పోతాడు. వేట దొరికితే ఆమెకు భాగం పెట్టి తరువాత తాను తింటాడు. పూర్వం చెంచులు మగమృగాలనే వేటాడేవారనీ, ఆడమృగాన్ని చంపితే ఆ తల్లి ఆగ్రహిస్తుందని భయపడేవారనీ హైమెండార్ఫ్ రాశాడు. ఆడమృగం బ్రతికితేనే మంద పెరుగుతుందన్నది నేటి వన్యప్రాణి శాస్త్రం చెప్పే మాట. చెంచు దానినే అమ్మవారి ఆనగా పాటించాడు.

ఈశావాస్యోపనిషత్తు తొలి మంత్రం జగత్తంతా ఈశ్వరుని చేత ఆవరింపబడినదని చెప్పి, త్యాగభావంతో అనుభవించమనీ పరధనాన్ని ఆశించవద్దనీ ఉపదేశిస్తుంది. అథర్వవేదంలోని భూమిసూక్తం భూమిని తవ్వేటప్పుడు కూడా ఆమె మర్మస్థానానికి దెబ్బ తగలకూడదని ప్రార్థిస్తుంది. ఆ మంత్రాలను ఎన్నడూ వినని చెంచు, ముందు తల్లికి పెట్టి తరువాత తాను తినడం ద్వారా ఆ భావాన్నే ఆచరించాడు. మంత్రం వచ్చినవారికి ఆచరణ లేకపోవడం, ఆచరణ ఉన్నవారికి మంత్రం రాకపోవడం మన సమాజంలో పాత సంగతే. పరమేశ్వరుడు ఎటు మొగ్గుతాడో తిన్నని కథ తెలిసినవారికి వివరించనక్కరలేదు. శాస్త్రవిధి ఎరిగిన అర్చకుడు వేటగాని నివేదనను అపచారమని తలచి బాధపడ్డాడు. స్వామి అతనిని చాటున నిలిపి కన్నప్ప భక్తిని కన్నులారా చూపించాడు. నల్లమలలో కూడా శాస్త్రం చదివిన అధికారులు ఆ చాటున నిలిచి చూడవలసిన అవసరం చాలాకాలం ఉండింది. కొంత నేటికీ ఉంది.

యాత్రికులు, రాజులు

ఈ అడవి ఎన్నడూ నిర్జనం కాదు. పదమూడవ శతాబ్దపు పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో పర్వత ప్రకరణమనే భాగాన్ని శ్రీశైల యాత్రకే కేటాయించాడు. రెడ్డిరాజులు, విజయనగర ప్రభువులు మల్లికార్జునునికి మండపాలు, మెట్లు, ప్రాకారాలు సమర్పించారు. మన్ననూరు సమీపంలో ప్రతాపరుద్రుని పేర ఒక కోట శిథిలమై నిలిచి ఉంది. కృష్ణాతీరాన చంద్రగుప్తపట్టణం శిథిలాలున్నాయి. ఇంతమంది వచ్చి వెళ్లినా అడవి నిలిచింది. వచ్చినవారు దారిని వాడుకున్నారు. అడవిని మాత్రం చెంచులకే వదిలారు. జనశ్రుతిలో మల్లన్న చెంచుల అల్లుడు, ‘చెంచు మల్లయ్య’. అహోబిలంలో నరసింహుడు చెంచులక్ష్మిని వరించాడు. దేవుణ్ణే అల్లుణ్ణి చేసుకున్న జాతిని అడవి నుండి వేరుచేసే ఆలోచన ఆ కాలపు మనస్సుకు తోచదు.

ఆ భావన ఆధునిక యుగంతో మారింది. అడవి రాజ్యానికి ఆదాయవనరు అయింది. కలప, వెదురు గుత్తేదారుల చేతిలోకి వెళ్లాయి. అమ్రాబాద్ పీఠభూమిపై ఫరహాబాద్ నిజాం ప్రభువుల వేటవిడిది అయింది. గరెలమైసమ్మకు మొక్కి ఒక్క మగమృగాన్ని కొట్టేవాడు నేరస్థుడై, వినోదానికి వేటాడేవాడు అతిథి అయ్యాడు. మీమాంస పరిభాషలో చెప్పాలంటే విద్వత్త, అర్థిత్వం ఉన్న అధికారికి పర్యుదాసం విధింపబడింది.

1942: దయతో ఇచ్చిన భూమి

హైమెండార్ఫ్ సూచన మేరకు నిజాం ప్రభుత్వం 1942లో అమ్రాబాద్ పీఠభూమిపై సుమారు లక్ష ఎకరాలను చెంచుల కోసం ప్రత్యేకించింది. ఆ పరిధిలో వారు తమ రీతిలో బ్రతకవచ్చు, సేకరించుకోవచ్చు. నాటి ప్రపంచంలో అరుదైన ఔదార్యమిది. పర్యుదాసం తొలగింది. అధికారంలోని ఒక అంశం తిరిగి వచ్చింది.

అయితే ఆ ఏర్పాటు ఒక మంచి అధికారి మనస్సుపై, ఒక ప్రభువు ఆజ్ఞపై ఆధారపడింది. చెంచుల సభ నిర్ణయించేది, దాని నిర్ణయం చెల్లేది అన్న ఏర్పాటు లేదు. సేకరించిన తేనెను, బంకను న్యాయమైన ధరకు అమ్ముకొనే వ్యవస్థ లేదు. లెక్క చదవగలిగినవాడు పెంటలో లేడు. దాత మారితే దానం మారుతుంది. రాజ్యం మారింది, శాఖలు మారాయి, చట్టాలు మారాయి. లక్ష ఎకరాల ప్రత్యేకత క్రమంగా కాగితాలకు పరిమితమైంది. భూమిని ఇవ్వడం వేరు, భూమిని నిలుపుకొనే శక్తిని పెంచడం వేరు. అచ్చంపేట చరిత్ర చెప్పే మొదటి పాఠం ఇది.

స్వాతంత్ర్యానంతరం ప్రయత్నాలు కొనసాగాయి. 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడి అటవీ ఉత్పత్తుల కొనుగోలును దళారుల చేతి నుండి తప్పించడానికి పూనుకొంది. 1975లో చెంచులను ఆదిమ గిరిజన తెగగా గుర్తించారు. ప్రత్యేక సమీకృత అభివృద్ధి సంస్థ ఏర్పడింది.  ఇళ్లు కట్టారు, పశువులను ఇచ్చారు, దుక్కిటెద్దులను ఇచ్చారు. వాటిలో ఎన్నో నిలవలేదు. అడవిని చదివిన సమాజానికి నాగలిని అప్పగించి, అది దున్నలేదని నిట్టూర్చడం ఆ కాలపు పథకాలలో తరచు జరిగింది. సామర్థ్యం అంటే మనకు తెలిసినది వారికి నేర్పడమేనని భావించడం ఆ లోపానికి మూలం.

పులి వచ్చిన తరువాత

1978లో ఈ అరణ్యం అభయారణ్యమైంది. 1983లో నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల సంరక్షణ కేంద్రంగా ప్రకటింపబడింది. మహబూబ్‌నగర్, నల్లగొండ, కర్నూలు, ప్రకాశం, గుంటూరు జిల్లాలలో 3,568 చదరపు కిలోమీటర్లకు అది విస్తరించింది. రాష్ట్ర విభజన తరువాత కృష్ణకు ఉత్తరాన ఉన్న భాగం అమ్రాబాద్ పులుల అభయారణ్యం అయింది. దాని విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు. అందులో 2,166 చదరపు కిలోమీటర్లు కోర్ ప్రాంతం. చెంచు పెంటలలో అనేకం ఈ కోర్ ప్రాంతంలోనే ఉన్నాయి.

పులిని రక్షించడం ధర్మమే. పులి ఉన్న అడవిలో జింక హద్దు మీరదు. జింక హద్దు మీరని చోట గడ్డి, మొలక బ్రతుకుతాయి. మొలక బ్రతికిన కొండపై నీరు ఇంకుతుంది. పాపనాశన ధారకు పులి కూడా ఒక కారణమని చెప్పడం అతిశయోక్తి కాదు. అమ్మవారి వాహనం కేవలం అలంకారం కాదని ఇక్కడ అర్థమవుతుంది.

చిక్కు మరొక చోట వచ్చింది. పులి కోసం మనిషి తొలగాలా అన్న ప్రశ్న పుట్టింది. రెండు వాదాలూ తేలికగా కొట్టివేయదగినవి కావు. మానవ సంచారం తగ్గితే మృగసంతతి వృద్ధి చెందుతుందని ఒక పక్షం. పెంటలలో వైద్యం, విద్య, దారి అందక పిల్లలు, గర్భిణులు కష్టపడుతున్నారనీ, బయటికి వస్తే వారికే మేలనీ కూడా ఆ పక్షం చెబుతుంది. అడవి దాటిన చెంచు కూలీగా మారి తన విద్యను కోల్పోతాడనీ, అతడు లేని అడవిలోకి కలపదొంగ, వేటదొంగ నిర్భయంగా ప్రవేశిస్తారనీ రెండవ పక్షం. చట్టం ఒక హద్దు గీసింది. కోర్ ప్రాంతం నుండి తరలింపు స్వచ్ఛందంగానే జరగాలి, గ్రామసభ సమ్మతి ఉండాలి. తరలే కుటుంబానికి ఇచ్చే పరిహారాన్ని 2021లో 15 లక్షల రూపాయలకు పెంచారు.

సమ్మతి అన్న మాట దగ్గర సాధకులు ఒక్క క్షణం ఆగాలి. వైద్యుడు రాని పెంటలో, దీపం లేని పెంటలో ఉన్నవాడు ‘వెళ్తాను’ అన్నప్పుడు, అది ఇచ్ఛ అవుతుందా, నిస్సహాయత అవుతుందా? ఉన్నచోటనే కనీస సౌకర్యం కల్పించి, తరువాత ‘ఉంటావా, వెళ్తావా’ అని అడిగినప్పుడే ఆ జవాబుకు విలువ. సామర్థ్యం లేనివాని సమ్మతి సంకల్పం లేని దానం వంటిది. రూపం ఉంటుంది, ఫలం ఉండదు.

అదే అభయారణ్యంలో మరొక మార్గం కూడా తెరుచుకుంది. అటవీశాఖ చెంచు యువకులను వేటనిరోధక శిబిరాలలో కాపలాదారులుగా, పులి జాడలు పట్టే ట్రాకర్లుగా నియమించింది. పాదముద్రను చూసి అది ఏ మృగానిదో, ఏ వేళ నడిచిందో చెప్పగల నేర్పు పుస్తకం వలన వచ్చేది కాదు. వేసవిలో నిప్పు అంటుకున్నప్పుడు గాలి ఎటు తిరుగుతుందో, అగ్నిరేఖను ఎక్కడ తీయాలో వారికి తెలుసు. కెమెరా ట్రాప్‌లను ఎక్కడ కట్టాలో చెప్పేది కూడా వారే. తాతల నుండి వచ్చిన విద్యకు జీతం, గౌరవం దక్కిన సందర్భమిది. అడవి తెలిసినవాడిని అడవికి దూరం చేయడం కన్నా, అతని విద్యనే వృత్తిగా మలచడం మేలని ఇది నిరూపించింది.

తపసి చెట్టు నేర్పిన పాఠం

సామర్థ్య నిర్మాణం ఎలా ఉండాలో చెప్పడానికి నల్లమలలో అన్నిటికన్నా మంచి ఉదాహరణ తపసి చెట్టు. మరొక పేరు కోవెల. రాతి గుట్టలపై, మట్టి కూడా పట్టని చోట పెరుగుతుంది. వేసవిలో ఆకులన్నీ రాల్చి, తెల్లని దేహంతో విభూతి పూసుకున్న తాపసిలా నిలుస్తుంది. దాని కాండం నుండి స్రవించే జిగురే తపసి బంక. ఆహార పదార్థాలలో, ఔషధాలలో వాడతారు. విదేశాలకు ఎగుమతి అవుతుంది. చెంచుల ఆదాయంలో దానిది ముఖ్యస్థానం.

బంకకు ధర పెరిగిన కొద్దీ చెట్టుకు కష్టం వచ్చింది. ఎక్కువ బంక కోసం గొడ్డలితో లోతుగా నరికేవారు. గాయం కాండం లోపలికి దిగి చెట్టు ఎండిపోయేది. నేలమీద పడిన బంకకు మట్టి, బెరడు అంటుకొని తక్కువ ధర పలికేది. తక్కువ ధర వస్తే ఎక్కువ చెట్లను నరకవలసి వచ్చేది. అలా పేదరికం చెట్టును, చెట్టు నాశనం పేదరికాన్ని పెంచుతూ పోయాయి.

1990 దశకంలో గిరిజన సహకార సంస్థ, ఈ చెట్టు పేరునే ధరించిన కోవెల్ ఫౌండేషన్ వంటి సంస్థలు ఈ వలయాన్ని ఛేదించడానికి పూనుకొన్నాయి. చెట్టు కొట్టవద్దని నిషేధించలేదు. కొట్టే తీరు మార్చాయి. బెరడుపై మాత్రమే చిన్న గాటు పెట్టాలి. గాయం మానడానికి చెట్టుకు విశ్రాంతి ఇవ్వాలి. లేత చెట్టును తాకకూడదు. బంకను శుభ్రంగా తీసి ఆరబెట్టి, రంగును బట్టి, స్వచ్ఛతను బట్టి వేరుచేయాలి. తెల్లని శుద్ధమైన బంకకు ఎక్కువ ధర, మలినమైనదానికి తక్కువ ధర. తక్కువ చెట్ల నుండి ఎక్కువ ఆదాయం రావడం మొదలైనప్పుడు చెట్టును బ్రతికించడం సేకరించేవాని స్వార్థంతోనే ముడిపడింది.

ఇక్కడ అధికారి లక్షణాలు నాలుగూ ఒకచోట కలిశాయి. చెట్టు బ్రతకాలన్న కోరిక, కోసే విధానం తెలియడం, కత్తి, బుట్ట, కొనుగోలు కేంద్రం అందుబాటులో ఉండడం, అడవిలోకి వెళ్లడానికి అనుమతి. తేనె విషయంలో కూడా ఇదే మార్గం. పట్టునంతా కోయకుండా తేనె ఉన్న భాగాన్ని మాత్రమే కోసి, పిల్లపురుగులున్న భాగాన్ని వదిలితే ఆ పట్టు మళ్లీ నిండుతుంది. గోవును దూడకు విడిచి మిగిలిన పాలు పిండుకొనే మన ఇంటి ధర్మమే ఇది. అడవికి విస్తరించిన గోధర్మమని దీనిని చెప్పవచ్చు.

గ్రామసభకు దక్కిన పీఠం

2006లో పార్లమెంటు అటవీహక్కుల చట్టాన్ని చేసింది. అడవిబిడ్డలకు చరిత్రలో జరిగిన అన్యాయాన్ని సరిదిద్దడం తన ఉద్దేశమని ఆ చట్టమే పీఠికలో ఒప్పుకొంది. సాగుభూమిపై వ్యక్తిగత హక్కుతో అది ఆగలేదు. అటవీ ఉత్పత్తులపై యాజమాన్యం, సామూహిక అటవీవనరులను కాపాడి నిర్వహించే హక్కు, చెంచుల వంటి ఆదిమ తెగలకు తమ ఆవాసప్రాంతంపై హక్కు అందులో ఉన్నాయి. వాటితో పాటు కర్తవ్యాన్ని కూడా చట్టం అప్పగించింది. వన్యప్రాణులను, నీటి పరీవాహ ప్రాంతాలను కాపాడే బాధ్యత, అధికారం గ్రామసభకు ఇచ్చింది. హక్కు, కర్తవ్యం ఒకే పీఠంపై కూర్చున్నాయి. మన శాస్త్రం అధికారమని పిలిచిన భావానికి ఆధునిక చట్టంలో ఇంత దగ్గరగా వచ్చిన రూపం అరుదు.

చట్టం అక్షరం నుండి ఆచరణకు రావడం మాత్రం నెమ్మదిగా సాగుతోంది. దరఖాస్తు రాయడం, హద్దులు గుర్తించడం, పటం తయారుచేయడం, సభ తీర్మానాన్ని నమోదు చేయడం, వీటన్నిటికీ చదువు, ఓపిక, తోడు కావాలి. పెంటలోని ఒక యువకుడు ఈ పనులు నేర్చుకుంటే ఆ పెంట మొత్తానికి నోరు వస్తుంది. నేడు సామర్థ్య నిర్మాణం అవసరమైన చోటు ఇదే. అడవి గురించి చెంచుకు నేర్పవలసినది స్వల్పం. కాగితం గురించి నేర్పవలసినది ఎక్కువ.

స్థానిక సమాజం మేల్కొంటే ఏమి సాధ్యమో 2019లో తెలిసింది. అమ్రాబాద్ అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల పరిధిలో యురేనియం అన్వేషణకు సూత్రప్రాయంగా అనుమతి లభించింది. అచ్చంపేట, అమ్రాబాద్, పదర ప్రాంతాల ప్రజలు, పెంటల చెంచులు, మైదాన రైతులు, విద్యార్థులు, రచయితలు ఏకమయ్యారు. బోరు తవ్వకాలు కొండ గర్భంలోని నీటిని, దాని వెంట కృష్ణను ఏమి చేస్తాయన్న ప్రశ్న వేశారు. అదే ఏడాది సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా ఏకగ్రీవ తీర్మానం చేసింది. దేశానికి శక్తివనరులు కావాలన్న వాదంలో సత్యం ఉంది. అయితే ఏ అడవి గుండా ఆ వనరును తేవాలో నిర్ణయించేటప్పుడు ఆ అడవిలో బ్రతికేవారి మాట మొదట వినాలన్నది ధర్మం. వినిపించేంత గట్టిగా వారు పలకగలగడమే ఆ ఏడాది కనబడిన సామర్థ్యం.

లింగమయ్య యాత్రికుల వంతు

ఇంతవరకు చెంచుల అధికారం గురించి చెప్పుకున్నాం. ఇక భక్తుల అధికారం. చైత్రపౌర్ణమికి సలేశ్వరం లోయలో లింగమయ్య జాతర జరుగుతుంది. ‘వస్తున్నాం లింగమయ్యా’ అంటూ వేలాదిమంది బండరాళ్ల దారిలో లోయకు దిగుతారు. అక్కడ పూజారులు చెంచులే. తొలి ఏకాదశికి లొద్దిమల్లయ్య దర్శనం. శివరాత్రికి బౌరాపూర్ భ్రమరాంబ సన్నిధిలో చెంచుల ఉత్సవం. సంక్రాంతి వేళ ఉమామహేశ్వర బ్రహ్మోత్సవాలు. ఏడాది పొడవునా హైదరాబాదు–శ్రీశైలం దారిలో సాగే వాహనాలు సరేసరి.

ఈ భక్తి వెనుక మిగిలేదేమిటి? నీళ్ల సీసాలు, పలచని సంచులు, తిండి పొట్లాలు. జింక కడుపులోకి ప్లాస్టిక్ పోతుంది. దారి పక్కన కోతికి వేసిన అరటిపండు దానిని చక్రం కిందికి రప్పిస్తుంది. వంట కోసం రాజేసి ఆర్పని పొయ్యి చైత్రమాసపు ఎండుగడ్డిని అంటుకుంటుంది. జాతర రోజులను మూడుకు కుదించినప్పుడు భక్తులకు బాధ కలిగింది. ఆ నియమం ఎందుకు వచ్చిందో ఆలోచించే భారం కూడా భక్తులదే. ఇటీవల అభయారణ్యంలో ప్లాస్టిక్‌ను నిషేధించారు. దారి వెంట యాత్రికులు పారేసినవాటిని స్థానికులే ఏరుతున్నారు. ఒక్క మాట నిజాయితీగా చెప్పుకుందాం. పుణ్యం మనం మూటగట్టుకొని, చెత్తను పూజారి బిడ్డ చేత ఏరించడం ఏ శైవాచారంలోనూ లేదు.

గృహస్థుడు నిత్యం చేయవలసిన పంచమహాయజ్ఞాలలో భూతయజ్ఞం ఒకటి. సమస్త ప్రాణులకూ వాటి భాగాన్ని వాటికి వదలడం దాని సారం. నల్లమల యాత్రలో దాని ఆచరణ కష్టమైనది కాదు. తెచ్చిన ప్రతి వస్తువును తిరిగి తీసుకుపోవడం. మన్ననూరు తనిఖీకేంద్రం రాత్రి మూసివేసే వేళను గౌరవించడం, పగటిపూట వేగం తగ్గించడం. మృగాలకు తిండి వేయకపోవడం. అడవిలో నిప్పు రాజేయకపోవడం. తేనె, కుంకుళ్లు, చిల్లగింజలు వంటివి కొనవలసివస్తే గిరిజన సహకార దుకాణంలో కొనడం. చెంచు మార్గదర్శకుడు వెంట ఉన్నప్పుడు ‘నువ్వు’ అని పిలవకుండా ‘అయ్యా’ అని పిలవడం. ఈ చివరిది అన్నిటికన్నా చిన్నదిగా కనిపిస్తుంది. దాని ఫలం పెద్దది. గౌరవం పొందిన విద్యను కొడుకు నేర్చుకుంటాడు. అవమానం పొందిన విద్యను తండ్రే దాచుకుంటాడు.

దేవాలయ సమితులు, ధార్మిక సంస్థలు చేయగలిగినవి మరికొన్ని ఉన్నాయి. అన్నదానానికి వెచ్చించే ధనంలో ఒక భాగాన్ని పెంటల బాలబాలికల విద్యకు కేటాయించడం. అచ్చంపేట, మన్ననూరులలో చదువుకొనే చెంచు పిల్లలకు వసతి, తోడు కల్పించడం. గ్రామసభ పత్రాలు రాయడం నేర్పడానికి విశ్రాంత ఉపాధ్యాయులను, న్యాయవాదులను పంపడం. జాతర నిర్వహణలో చెంచు పెద్దలను సలహాకు పిలవడం, వారి మాటను నమోదు చేసి పాటించడం. ఇవి ఏవీ దయాదానాలు కావు. ఉత్తరద్వారం గుండా శ్రీశైలానికి పోయిన ప్రతి తరం చెల్లించకుండా వదిలిన ఋణం తాలూకు వడ్డీ.

2011 జనగణన ప్రకారం నాటి ఉమ్మడి రాష్ట్రంలో చెంచుల సంఖ్య సుమారు 64 వేలు. ఒక మహాజాతరకు ఒక్కరోజున చేరే జనంతో పోల్చితే ఇది స్వల్పమే. ఇంత చిన్న సమాజం ఇంత పెద్ద అరణ్యం గురించిన జ్ఞానాన్ని తన పేర్లలో, తన మొక్కులలో, తన బంధుత్వాలలో మోసుకొచ్చింది. 1942లో భూమి ఇచ్చినవారు జ్ఞానాన్ని గుర్తించారు, శక్తిని పెంచలేదు. తరువాతివారు శక్తి పెంచాలని చూశారు, జ్ఞానాన్ని గుర్తించలేదు. తపసి చెట్టు దగ్గర, పులి జాడ దగ్గర, 2019 నాటి సభలలో మాత్రం రెండూ కలిశాయి. కలిసిన ప్రతిచోటా అడవి గెలిచింది.

నాలుగు లక్షణాలూ కూడిన అధికారి చేతిలో యజ్ఞం ఫలిస్తుందని శాస్త్రం. కోరిక, విద్య చెంచులకు ఉన్నాయి. సామర్థ్యాన్ని సమకూర్చడం, పర్యుదాసాన్ని తొలగించడం మనవంతు. పాపనాశన తీర్థాన్ని దోసిట పట్టే చేతులకు ఆ పని బరువు కాకూడదు.